తగ్గింది, కానీ దేనితో?

పోయిన వేసవిలో ఒక పెళ్లి భోజనాల దగ్గర మా పిన్ని నన్ను చూపించి పక్కావిడతో అంటోంది: "వీడి ఊపిరితిత్తుల జబ్బు ఆ చూర్ణంతోనే తగ్గింది. డాక్టర్లయితే చేతులెత్తేశారు." డాక్టర్లు చేతులెత్తేయలేదు. చూర్ణం నేను వాడింది పదకొండు రోజులు. ఈ రెండు ముక్కలూ అక్కడే చెప్పొచ్చు. చెప్పలేదు. నవ్వేసి పెరుగన్నం కలుపుకున్నాను. ఆ నవ్వు ఎంత దూరం వెళ్లిందో తర్వాత తెలిసింది.

నాకున్నది సార్కాయిడోసిస్. మూడేళ్ల క్రితం పొడి దగ్గుతో మొదలైంది. ఆఫీసులో రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ఎక్స్‌రేలో ఛాతీ మధ్య గ్రంథులు రెండు వైపులా ఉబ్బి కనిపించాయి. మన దేశంలో అలా కనిపిస్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది టీబీ. నాకూ ముందు ఆ మాటే చెప్పారు. ఊపిరిగొట్టంలోకి ట్యూబు పంపి, గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశాక సంగతి తేలింది. రెండు జబ్బుల్లోనూ రోగనిరోధక కణాలు గుంపుగా చేరి గ్రాన్యులోమా అనే ముద్ద కడతాయి. టీబీలో ఆ ముద్ద మధ్యన చాలాసార్లు జున్నులాంటి చచ్చిన కణజాలం ఉంటుంది, వెతికితే బ్యాక్టీరియా దొరుకుతుంది. సార్కాయిడోసిస్‌లో మామూలుగా అవేవీ ఉండవు. శరీరం దేన్నో చుట్టుముట్టింది, దేన్నన్నది తెలీదు. 1899లో నార్వే చర్మవైద్యుడు సీజర్ బోక్ 'సార్కాయిడ్' అన్న మాట వాడిన నాటి నుంచి ఇప్పటిదాకా దీనికి అసలు కారణం తేలలేదు.

మా డాక్టరు నిజాయితీగానే చెప్పారు. చాలామందిలో కొన్నేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. కొందరిలో ముదిరి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. కళ్లకీ, గుండెకీ కూడా పాకొచ్చు. "మీరు ఏ కోవలోకి వస్తారో ఇప్పుడే చెప్పలేను, చూద్దాం" అన్నారు. నాకు ఆయాసం ఎక్కువగా ఉంది కాబట్టి ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టారు. స్టెరాయిడ్ వాపుని అణుస్తుంది, జబ్బుని వేళ్లతో సహా పీకదు. ఆపాక కొందరికి తిరగబెడుతుంది కూడా. నెల తిరిగేసరికి మొహం గుండ్రంగా ఉబ్బింది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టేది కాదు.

అప్పుడు పిన్ని తెనాలి దగ్గర్నుంచి బస్సెక్కి వచ్చింది, చేతిసంచీలో చూర్ణం డబ్బాతో. వాళ్ల ఊరి వైద్యుడు మండలం రోజుల్లో తగ్గిపోతుందని చెప్పాడట. ఒకాయన "చూద్దాం" అంటాడు, ఇంకొకాయన "తగ్గుతుంది" అంటాడు. రాత్రి మూడు గంటలకి ఈ రెండు మాటల్లో ఏది కావాలనిపిస్తుందో చెప్పక్కర్లేదు. ఇంజనీరింగ్ చదివినవాడు ఇలాంటివి ఎలా నమ్ముతాడని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే: నేను చూర్ణాన్ని నమ్మలేదు. ఆ 'తగ్గుతుంది' అన్న మాట కోసం డబ్బా తెరిచాను.

"ఏం పోయింది రా, వాడి చూడు" అంది పిన్ని. ఇది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు, కానీ దీనికి జవాబుంది. ఆ డబ్బా మీద ఏమీ రాసి లేదు. 2008లో అమెరికన్ వైద్య పత్రిక జామాలో ఒక అధ్యయనం వచ్చింది. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే, దాదాపు ఐదింట ఒక వంతు వాటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో కనిపించాయి. పేరు లేని పొడుల్లో స్టెరాయిడే కలిపి అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. అలాంటి పొడి 'పనిచేస్తుంది' కూడా. అంతెందుకు, అందరూ మంచిదే అనుకునే విటమిన్ డి సంగతి చూడండి. ఈ జబ్బులో గ్రాన్యులోమాలు తామే విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చేస్తాయి. పైనుంచి మాత్రలు వేసుకుంటే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగొచ్చు. అందుకే పరీక్ష చేయకుండా వేసుకోవద్దన్నారు. హానిలేనిది అన్న మాట ఎవరి శరీరం గురించి అంటున్నామో చూసుకుని అనాలి.

పదకొండో రోజు చెకప్. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. ఆ రాత్రే చూర్ణం ఆపేశాను. విషమని భయపడి కాదు. ఆయన నా మాటల్ని బట్టి, నా రక్త పరీక్షల్ని బట్టి డోసు తగ్గిస్తున్నారు. మా పనిలో ఒకడు చెప్పాపెట్టకుండా ప్రొడక్షన్‌లో మార్పు చేస్తే మిగతా టీమంతా తప్పు చోట వెతుకుతారు. నేను చేసింది అదే, నా సొంత ఒంటితో.

ఏడాది తర్వాత స్కాన్‌లో గ్రంథులు దాదాపు మామూలు సైజుకి వచ్చాయి. దేనితో తగ్గింది? స్టెరాయిడ్‌తోనా? దానంతటదేనా? నాకు తెలీదు. దానంతటదే తగ్గే గుణమున్న జబ్బులో ఆఖరున ఏ మందు వాడామో దానికే పేరొస్తుంది. కథలు చదివేటప్పుడు 'నేను' అని చెప్పేవాడిని అనుమానించడం అలవాటు చేసుకున్నాం కదా, కోలుకున్న శరీరం కూడా అలాంటి కథకుడే. పైగా చూర్ణంతో తగ్గనివాళ్లు పెళ్లిళ్లలో దాని గురించి మాట్లాడరు.

పెళ్లయిన రెండు నెలలకి పిన్ని తోటికోడలి కూతురు ఫోన్ చేసింది. వాళ్లాయనకి ఇదే జబ్బట. "అన్నయ్యా, ఆ మాత్రలు మానేసి నువ్వు వాడిన చూర్ణం వాడదామనుకుంటున్నాం." నా ఒళ్లు చల్లబడింది. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపకూడదు. శరీరం సొంతంగా ఆ హార్మోన్ తయారుచేయడం తగ్గించేస్తుంది, ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఉన్నదున్నట్టు చెప్పాను: పదకొండు రోజులు, డాక్టరుతో చెప్పిన అబద్ధం, ఏడాది పైగా మింగిన మాత్రలు. అవతల కాసేపు నిశ్శబ్దం. "మరి పిన్ని అలా చెబుతుంటే నువ్వు నవ్వుతూ కూర్చున్నావుగా?" అంది.

నిరూపణ కాని వైద్యాన్ని ప్రయత్నించడం తప్పా ఒప్పా అని ఇన్నాళ్లూ ఆలోచించాను. నా ఒంటి మీద నేను తీసుకునే రిస్కు నా ఇష్టమని ఇప్పటికీ అనుకుంటాను. కానీ నా కోలుకోవడం నా ఒక్కడిదీ కాదు. అది నలుగురిలోకి సాక్ష్యంగా వెళ్తుంది, నేను నోరు విప్పకపోయినా వెళ్తుంది. మందు మింగినంత తేలిగ్గా ఆ సాక్ష్యాన్ని మింగడానికి లేదు.

మొన్న ఊరెళ్లినప్పుడు పిన్నికి అంతా చెప్పాను. చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. "నీకు తగ్గాలనే కదరా తెచ్చాను" అంది. "తెలుసు పిన్నీ" అన్నాను. బస్సెక్కి అంత దూరం వచ్చినందుకు నేను ఆవిడకి రుణపడే ఉంటాను. తగ్గింది చూర్ణంతోనే అని మాత్రం ఆ రుణం తీర్చడానికి చెప్పలేను.

వచ్చే నెల మళ్లీ స్కాన్ ఉంది. డాక్టరు అడిగితే ఈసారి పదకొండు రోజుల సంగతీ చెప్పాలి.