పరుల ముఖము, ఒకని గొంతు

ఒక మనుష్యుని ఛాయాచిత్రమును ముందుంచుకొని, అతడు పలుకని మాటను అతని పక్షమున వేరొకడు పలుకవచ్చునా? ఈ సందేహము నాకు ఇరువది నిమిషముల చిన్న చలనచిత్రమొకటి చూచినప్పుడు కలిగినది. దానిని చలనచిత్రమనుటయు వింతయే. అందు కదలునది కెమెరా కన్ను మాత్రమే, మనుష్యులు కదలరు.

అమెరికాలోని మెక్సికన్ సంతతివారు, ఒకప్పుడు చిన్నచూపుతో వాడబడిన ‘చికానో’ అను పేరును 1960 తరువాతి యేండ్లలో గర్వముతో తమదిగా జేసికొనిరి. వారిలో డెన్వరు నగరవాసియైన రొడాల్ఫో గొంజాలెస్ 1967లో ‘నేను వాకీన్‌ను’ అను దీర్ఘకవిత ప్రకటించెను. కాలిఫోర్నియాలో ద్రాక్షతోటల కూలీల సమ్మె నడుచుచుండగా 1965లో ‘ఎల్ తెయాత్రో కాంపెసీనో’ అను నాటకసమాజమును స్థాపించిన లూయిస్ వాల్డెజ్, 1969లో ఆ కవితను తెరకెక్కించెను. కవిత చదివిన గొంతు అతనిదే. ఛాయాచిత్రములలో పెక్కు జార్జి బాలిస్ తీసినవి. వాటి నడుమ మెక్సికో కుడ్యచిత్రములును కనబడును.

కవితలోని ‘నేను’ ఒక్కడు కాడు. అతడు అజ్టెకు ప్రభువు కువాటెమోక్. అతనిని జయించిన స్పెయిను సేనాని కోర్తేసు ఖడ్గమును అతడే. చంపినవాడును చచ్చినవాడును నాలోనే యున్నారని కవి యొప్పుకొనుట సాహసము. కాగితముపై ఆ యొప్పుకోలు కవి సొంతము. తెరపై అట్లు కాదు. గొంతు ‘నేను’ అన్నంతనే ఆ మాట ఎదుటనున్న కూలివాని ముఖముపై వాలును. అతడు తన ముఖమును మాత్రమే ఇచ్చెను, తన చరిత్రకు సాక్ష్యము నీయలేదు. కోర్తేసు పాపములో అతనికి పాలు పంచు అధికారము ఎవరిచ్చిరి?

అయినను ఈ పద్ధతియందు ఒక నిజాయితీ కలదని నాకు తోచును. కదలు బొమ్మలో పెదవులకు పరుల గొంతు నతికించిన యెడల అది మోసమగును. ఇచట పెదవులు మూసికొనియే యున్నవి. మాట వేరు, మనిషి వేరు అని చూచువాని కన్ను మరువదు.

అనువాదకునిగా ఒక మాట. హిందీలో ‘హమ్’ అను పదమెదురైనప్పుడెల్ల నా కలము ఆగును. అది మేమా, మనమా? ఒక్కొక్కప్పుడు కేవలము ‘నేను’ కూడనా? మేమన్నచో వినువాడు వెలుపల నిలుచును. మనమన్నచో లోపలికి వచ్చును. ఆంగ్లమున కీ చిక్కు లేదు, కావున ఆ భాషలో వ్రాయు కవికి ఎవరిని వెలుపల నుంచితినను ప్రశ్నయు సులభముగా రాదు. వాకీన్ యొక్క ‘నేను’ విస్తరించి సమూహమైనప్పుడు దానిని తెనిగించుమన్న, నేను చాలసేపు తటపటాయింతును.

వెలుపల నిలిచినవారు స్త్రీలు. ఆ కవితలో వారు పెక్కుచోట్ల తల్లులుగను, శోకించువారుగను, పురుషుని వెంట నడుచువారుగను కనబడుదురు. చరిత్రను నడుపువారిగా కానరారు. దీనికి బదులు వాదముతో గాక చిత్రముతోనే వచ్చినది. ఆనా నియెతో-గోమెజ్ కూర్చిన నిశ్చలచిత్ర ప్రదర్శన ఆధారముగా, 1979లో సిల్వియా మొరాలెస్ ‘చికానా’ అను చిత్రమును నిర్మించెను. అందును పటములు, వాటిపై ఒక గొంతు. ఆ గొంతు నటి కార్మెన్ జపాటాది. పద్ధతి చాలవరకు పాతదే. ఆ పటములలోని స్త్రీల యనుమతి అడిగినవారెవరని నా మొదటి సందేహమే మరల తలయెత్తును. కాని అంతవరకు పొలములోను, వంటయింటను, సమ్మె వరుసలోను మౌనముగా నిలిచినవారు ఇందు చరిత్రకు కర్తలైరి.

వాకీన్ చిత్రము 2010లోను, చికానా 2021లోను అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరినవి. చూడగోరువారు రెండింటిని ఒకే దినమున, ఒకదాని వెంట నొకటిగా చూచుట మేలని నా యభిప్రాయము.