వర్తకుని పరిమాణ వ్రతము

వాణిజ్యగ్రామమున ఆనందుడను గాథాపతి యుండెను. నాలుగు కోట్ల బంగారము నిధిగాను, నాలుగు కోట్లు వ్యాపారమునను, నాలుగు కోట్లు గృహసామగ్రి యందును ఉండెడివి. పదేసి వేల గోవులు గల మందలు నాలుగు. అంతటి ధనికుడు భగవాన్ మహావీరస్వామి సన్నిధికి వచ్చి శ్రావకుని పండ్రెండు వ్రతములు స్వీకరించెను. స్వామి ఆయనను వ్యాపారము మానుమనలేదు. ఆనందుడే తనకున్న దానికి గీత గీసికొనెను. ఇంతకు మించి బంగారము వలదు, ఇంతకు మించి మందలు వలదు, 500 నాగళ్ల భూమి చాలును అనెను. ఉపాసకదశాంగ సూత్రములోని ఈ కథ శ్రావకుల ఇండ్లలో తెలియనిది కాదు.

అచ్చటనే శ్రావకుడు చేయరాని పదిహేను వృత్తులు చెప్పబడినవి. వీనికి కర్మాదానములని పేరు. ప్రతిక్రమణములో ఈ పేర్లు గడగడ చదువుదురు గాని, అర్థమడిగినచో తడుముకొనువారే ఎక్కువ. అంగార కర్మ యనగా బొగ్గు కాల్చుట. వన కర్మ అడవులు నరికి అమ్ముట. స్ఫోట కర్మ భూమిని పగులగొట్టుట. దవాగ్ని దానము అడవికి నిప్పు పెట్టుట. సరశ్శోషణము చెరువులను ఎండగట్టుట. నేడు పర్యావరణ సమస్య యని పత్రికలు వ్రాయుచున్నది ఇదియే గదా! స్వామి ఈ భారమును రాజు మీద పెట్టలేదు, వర్తకుని ఖాతాలో వ్రాసిరి.

రాజు చేసిన పని గంజాం జిల్లాలోనే కనబడును. ఋషికుల్యా తీరమున జౌగడలో అశోకుని శాసనములు రాతిపై నేటికిని ఉన్నవి. ప్రాణిని చంపి బలి ఇయ్యరాదని ఒకటి, మనుష్యులకును పశువులకును చికిత్స జరుగవలెనని, బాటల వెంట బావులు త్రవ్వి చెట్లు నాటించితినని మరియొకటి చెప్పును. రాజాజ్ఞ యున్నచోట ప్రజ విధేయత చూపును. కాని అంగడి గల్లాపెట్టె ముందు కూర్చున్నవానికి ఆజ్ఞాపించువాడెవడు? ఒరిస్సాలో 2018 అక్టోబరు 2 నుండి బరంపురము మొదలగు పట్టణములలో పాలిథిన్ సంచులు నిషేధించిరి. అనర్థదండ విరమణ వ్రతము పట్టిన అంగడివాడు ఆ పని చట్టము కంటె ముందే చేసియుండవలసినది.

ఇక బరంపురము పేరు చెప్పగానే పట్టు గుర్తుకు వచ్చును. సుమారు రెండువందల ఏండ్ల క్రిందట తెలుగు దేశము నుండి వలసవచ్చిన నేతగాండ్రు ఈ ఊరికి ఆ కీర్తి తెచ్చిరి. కుంభముల అంచు గల చీరకును జోడకును 2012లో భౌగోళిక గుర్తింపు లభించినది. పెండ్లికి పట్టు లేనిదే ముహూర్తము నిండదు. అయితే ఆ దారము వచ్చు విధమేమి? గూటిలో పురుగు ప్రాణముతో ఉండగనే ఆవిరి పట్టియో, వేడినీట ఉడికించియో, తెగని పోగు తీయుదురు. ఒక్క చీరకు వేల గూళ్లు కావలెను. పురుగు కదలాడు త్రస జీవి. గృహస్థునికి ఉద్యోగీ హింస తప్పదని కొందరు సమాధానము చెప్పుకొందురు. తప్పనిది ఏది, తప్పించుకొనగలిగినది ఏది అని అడిగి చూచినప్పుడే ఆ సమాధానమునకు విలువ.

ఈ ప్రశ్నను మొదట గట్టిగా అడిగినది వ్యాపారి కాదు. 1990 ప్రాంతమున రాష్ట్రపతి వెంకట్రామన్ గారి సతీమణి జానకి గారు, పురుగును చంపని పట్టుచీర దొరుకునా అని విచారించిరి. ఆంధ్రప్రదేశ్ చేనేత సహకార సంఘమున ఉద్యోగియైన కుసుమ రాజయ్య గారు ఆ మాటను విడువలేదు. పట్టుచిలుక గూడు చీల్చుకొని వెలుపలికి పోవువరకు ఆగి, మిగిలిన గూటిని ప్రత్తి వలె వడికించి నేయించిరి. దానికి అహింసా పట్టు అని పేరు. పోగు తెగియుండుటచే మెరుపు తగ్గును, మెత్తదనము హెచ్చును, వెలయు హెచ్చును. ఇదియు సంపూర్ణ అహింస యని బీరములు పలుకరాదు. పెంపుడు పట్టుచిలుక ఎగురలేదు, ఆహారము తినలేదు, కొలది దినములకే చనిపోవును. అది పెట్టిన గ్రుడ్లన్నిటిని పెంచువారు లేరు. అయినను ఉడికించుటకును విడిచిపెట్టుటకును గల భేదము శ్రావకునికి వేరుగా చెప్పవలసిన పని లేదు.

వెల హెచ్చిన సరుకు ఎవరు కొందురు, నష్టము ఎవరు భరింతురు అని అడుగుట సహజమే. అస్కా వైపున భేట్నోయి, బలిపదర్ గ్రామముల రైతులను చూడవలెను. వారి పొలములలో కృష్ణజింకల మందలు పైరు మేయుచుండును. ఎవరును రాయి విసరరు. కరవు కాలమున జింకలు వచ్చిన పిదపనే వానలు పడినవని పెద్దలు చెప్పిన మాటను వారు తరతరములుగా పట్టుకొనియున్నారు. ఆ రైతులు జైనులు కారు, కర్మాదానముల పేర్లు వినియుండరు, కోటీశ్వరులు అసలే కారు. మేత నష్టమును వారే భరించుచున్నారు.

బరంపురపు పట్టు వర్తకుడు ఒక్కమారుగా బేరము మూసినచో నేతగాని పొయ్యి ఆరును, అదియు హింసయే. కావున ఆనందుని వలె గీత గీసికొనవచ్చును. ఈ ఏడు అంగటి బీరువాలో ఒక్క అర అహింసా పట్టుకు విడువవచ్చును. గిరాకి అడిగినప్పుడు దారము ఎట్లు వచ్చినదో ఉన్నదున్నట్లు చెప్పవచ్చును. రంగుల నీరు కాలువలో కలియకుండ చూచు అద్దకమువానికే నూలు ఇయ్యవచ్చును. ఆ అరలోని చీరలు మొదటి ఏడు అమ్ముడుపోకున్నచో ఆ నష్టమును అంగడి పద్దులోనే వ్రాసికొనవలెను గాని, నేతగాని కూలిలో కోయరాదు.