ఒరిజినల్ అంటే ఏమిటి?

ఒక వస్తువులో భాగాలన్నీ ఒక్కొక్కటిగా మార్చేస్తే అది పాత వస్తువేనా, కొత్త వస్తువా? ఈ ప్రశ్నను మా తెలుగు అయ్యవారు తొమ్మిదో తరగతిలో అడిగారు. అప్పుడు అందరం సరదాగా వాదించుకుని మరచిపోయాం. ఈ వేసవి సెలవుల్లో మా నాన్న షెడ్డులో ఆ ప్రశ్న నాకు మళ్ళీ ఎదురైంది. ఈసారి సరదాగా లేదు.

మా నాన్న పెరంబూరులో కార్ల మెకానిక్. మార్చి నెలలో ఒక పెద్దాయన తన స్టాండర్డ్ హెరాల్డ్ కారును ఇంకో బండికి కట్టి లాక్కొచ్చారు. ఆయన కూడా మనలాగే తాతల కాలం నుంచి చెన్నైలో ఉంటున్న తెలుగువారు. ఆ కారు ఆయన నాన్నగారు కొన్నది. నాన్నగారు పోయాక చాలా ఏళ్ళు ఇంటి వెనక రేకుల కింద దుమ్ము పట్టి ఉండిపోయింది. "మా నాన్న నడిపినప్పుడు ఎలా ఉండేదో అలాగే కావాలి. అన్నీ ఒరిజినలే వెయ్యాలి" అన్నారు.

హెరాల్డ్ మన ఊరి కారు. ఇంగ్లండులో ట్రయంఫ్ అనే పేరుతో 1959లో వచ్చింది. దాని రూపం గీసింది మికెలోటి అనే ఇటలీ ఆయన. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ దాన్ని తయారు చేసింది. ఇంజను 948 సీసీ. ముందు బానెట్టు, దానితోపాటు రెండు మడ్‌గార్డులు ఒక్కటిగా ముందుకు వంగుతాయి. మెకానిక్ టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. దాని బాడీ ఒకే ముక్క కాదు. వేరు వేరు ముక్కలు ఛాసిస్ మీద బోల్టులతో బిగించి ఉంటాయి. నాలుగు తలుపుల హెరాల్డ్ అయితే మన దేశంలోనే వచ్చింది, ఇంగ్లండులో తయారు కాలేదు. ఇప్పుడు ఆ కంపెనీ లేదు. అందుకే దాని సామాన్లు దొరకడం కష్టం.

నాన్న పని మొదలుపెట్టే ముందే ఒక మాట చెప్పాడు. "బ్రేకు గొట్టాలు, రబ్బర్లు, వైర్లు కొత్తవే వేస్తానయ్యా. ప్రాణం సంగతి వచ్చిన చోట ఒరిజినల్ చూడకూడదు." పెద్దాయన ఒప్పుకున్నారు. మిగతావి మాత్రం వెతకాలి. ఆ వెతుకులాటకు నాన్న నన్నూ, షెడ్డులో పనిచేసే అన్ననూ పంపేవాడు. కూవం పక్కనున్న పుదుపేటలో పాత బండ్ల సామాన్ల అంగళ్ళు వరసగా ఉంటాయి. జీపీ రోడ్డులో స్పేర్ పార్టుల కొట్లు ఉంటాయి. నాలుగు శనివారాలు తిరిగాం. ఫియట్‌వి ఉన్నాయి, అంబాసిడర్‌వి ఉన్నాయి. హెరాల్డ్ అంటే నవ్వేవారు. తలుపు పిడి ఒకటి, అద్దం దింపే హ్యాండిల్ ఒకటి ఎలాగో దొరికాయి.

చివరికి వెనక లైట్ల ఎర్ర గ్లాసులు మిగిలాయి. రెండూ కావాలి. పుదుపేటలో ఒక ముసలాయన అటక మీద నుంచి పాత డబ్బా దింపి ఎడమవైపుది ఒకటి ఇచ్చాడు. లోపల కంపెనీ గుర్తు ఉంది. కుడివైపుది ఎక్కడా దొరకలేదు. అచ్చం అలాగే చేసిన కొత్త కాపీ ఒకటి కొన్నాం. నాన్న చూసి, "సరేలే, ఆయనకు చెప్పి బిగిద్దాం" అన్నాడు.

బిగించాక చూస్తే పాతది వెలిసిపోయి ఉంది, కొత్తది మెరిసిపోతోంది. నాకు బాగా అనిపించలేదు. వాటర్ పేపర్ తడిపి కొత్తదాన్ని మెల్లగా రుద్దాను. అరగంటలో రెండూ కవల పిల్లల్లా అయ్యాయి. అంతవరకూ నేను తప్పు చేశానని అనుకోను.

మరునాడు పెద్దాయన వచ్చారు. నాన్న వెల్డింగు పనికి వెళ్ళాడు. ఆయన వంగి రెండు గ్లాసులనూ చేత్తో తడిమారు. "రెండూ మా నాన్న కాలం నాటివే కదా బాబూ?" అని అడిగారు. ఆయన ముఖంలో ఉన్న సంతోషం చూసి నేను "అవునండి" అనేశాను. ఆయన ఐదు వందల నోటు తీసి, "ఎండలో తిరిగావు, ఉంచుకో" అని నా చేతిలో పెట్టారు. సాయంత్రం నాన్న "ఆయనకు చెప్పావా?" అని అడిగాడు. "చెప్పాను" అన్నాను. అలా ఒకటి రెండైంది.

ఆ రాత్రి నాకు అయ్యవారు చెప్పిన కథ గుర్తొచ్చింది. మిళిందుడు అనే గ్రీకు రాజు నాగసేనుడు అనే బౌద్ధ భిక్షువు దగ్గరికి రథం మీద వచ్చాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగలు రథమా అని భిక్షువు ఒక్కొక్కటీ అడిగాడు. రాజు దేనికీ అవునని చెప్పలేకపోయాడు. ఆ భాగాలన్నీ కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం అని తేలింది. దీన్ని పట్టుకుని నేను నాకు నేనే వకీలునయ్యాను. కారే ఒక పేరు అయినప్పుడు ఒరిజినల్ అనేది మాత్రం ఏముంది? ఎడమవైపు గ్లాసు కూడా ఆయన నాన్నగారిది కాదు కదా, ఎవరిదో ఇంకో కారుది. రెండు గ్లాసుల్లోనూ అదే వెలుగు వస్తుంది. మరి నేను ఎవరికి అన్యాయం చేశాను?

వాదన బాగానే ఉంది. కానీ నిద్ర పట్టలేదు.

తర్వాత ఆలోచిస్తే నా వాదనలో తప్పు ఎక్కడుందో తెలిసింది. భాగం మారడం తప్పు కాదు. మాకు నెల్లూరులో ఒక బావ ఉన్నాడు. మా ఇంట్లో తెలుగు వింటే, "మీ మాటల్లో సగం అరవమే, ఇది ఒరిజినల్ తెలుగు కాదు" అని ఏడిపిస్తాడు. నిజమే, కొన్ని మాటలు మారాయి. అయినా మా అవ్వ మాతో మాట్లాడేది ఆ తెలుగులోనే. అందులో దాచింది ఏమీ లేదు. నాన్న కొత్త బ్రేకు గొట్టాలు వేసినప్పుడూ కారుకు అవమానం జరగలేదు, ఎందుకంటే ముందే చెప్పి వేశాడు. నాగసేనుడు రాజుకు చెప్పింది రథం గురించి. నేను అబద్ధం ఆడింది మనిషితో. గ్లాసుకు తాను పాతదో కొత్తదో తెలియదు. తెలుసుకోవాలని అడిగింది ఆయన. ఆయన కొనుక్కున్నది గ్లాసు ఒక్కటే కాదు, మా మాట కూడా.

జూన్‌లో పని అయిపోయింది. నా చేతిరాత బాగుంటుందని బిల్లు నాతోనే రాయిస్తాడు నాన్న. ఏది పాతది, ఏది కొత్తది అని ప్రతి సామాను ఎదురుగా రాయాలి. అది మా షెడ్డు పద్ధతి. నాన్న చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. "వెనక లైటు గ్లాసు, కుడివైపు, కొత్తది" అన్నాడు. నా పెన్ను ఆగిపోయింది. అప్పుడు మొత్తం చెప్పేశాను. బిల్లు అనేది లేకపోతే చెప్పేవాణ్ణా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ గట్టిగా అవునని అనలేను.

నాన్న కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "నాకు చెబితే ఏం లాభంరా? ఆయనకు చెప్పు" అన్నాడు.

పెద్దాయన వచ్చినప్పుడు చెప్పాను. ఐదు వందలు తిరిగి ఇచ్చాను. వద్దంటారేమో అని మనసులో చిన్న ఆశ ఉండింది. ఆయన తీసుకుని జేబులో పెట్టుకున్నారు. కోప్పడలేదు. కారు వెనక్కి వెళ్ళి చాలాసేపు చూశారు. తర్వాత, "మరి ఎడమవైపుది?" అన్నారు.

"అది నిజంగా పాతదేనండి."

"పోయినసారి కూడా అలాగే అన్నావు కదా బాబూ."

నాకు జవాబు రాలేదు. నాలుగు శనివారాలు ఎండలో తిరిగి సంపాదించిన నిజమైన గ్లాసు అది. నా ఒక్క అబద్ధంతో అది కూడా అనుమానపు సరుకైపోయింది. అబద్ధం కాపీని ఒరిజినల్ చెయ్యలేదు సరికదా, ఒరిజినల్‌ను కూడా కాపీలా చేసింది.

నాన్న స్క్రూడ్రైవర్ తెచ్చి ఎడమ గ్లాసు విప్పి లోపల ఉన్న గుర్తు చూపించాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి తల ఊపారు. కుడివైపుది కాపీయే అయినా అలాగే ఉంచమన్నారు. కారు నడుపుకుంటూ వెళ్ళిపోయారు.

ఆయన నమ్మారు. కానీ నమ్మింది గ్లాసు లోపలి గుర్తును, నన్ను కాదు. సామాను పాతదో కొత్తదో తేల్చడానికి లోపల ఒక గుర్తు ఉంటుంది. మనిషి మాటకు అలాంటి గుర్తు ఏదీ లేదు. అతను ఇంతకుముందు చెప్పిన మాటలే దానికి గుర్తు. పోయిన హెరాల్డ్ గ్లాసు పుదుపేటలో ఎప్పటికైనా దొరకవచ్చు. పోయిన నమ్మకం ఏ అంగట్లో దొరుకుతుందో నేనింకా వెతుకుతున్నాను.