ఎంజైమ్ లేదని తెలిసేదెలా?

ఉన్నదానిని ఉన్నదని తెలుసుకోవడం కంటే లేనిదానిని లేదని నిశ్చయించడమే కష్టమన్న సంగతిని భారతీయ ప్రమాణశాస్త్రం ఏనాడో గుర్తించింది. కుమారిల భట్టును అనుసరించిన మీమాంసకులు, అద్వైతులు అభావాన్ని తెలిపేందుకు అనుపలబ్ధి, అంటే కనిపించకపోవడం, అనే ప్రత్యేక ప్రమాణాన్ని అంగీకరించి, దానికొక నియమం పెట్టారు. వస్తువు అక్కడే ఉంటే తప్పక కనిపించేదన్న స్థితిలో మాత్రమే అది కనిపించకపోవడం దాని అభావానికి రుజువవుతుంది. దీనినే యోగ్యానుపలబ్ధి అన్నారు. వెలుతురులో నేల మీద కుండ కనిపించకపోతే అది లేనట్టే గాని, చీకటిలో కనిపించకపోతే ఏమీ తేలనట్టే.

ఆసుపత్రి ప్రయోగశాలకు ఈ చిక్కు నిత్యం ఎదురవుతుంది. ఇతర యాంటీబయాటిక్‌లకు లొంగని తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు వాడే కార్బపెనెమ్ మందులను, కొన్ని బ్యాక్టీరియాలు కార్బపెనెమేజ్ అనే ఎంజైమ్‌తో విరగ్గొడతాయి. ఎంజైమ్ కంటికి అందదు గనుక దాని పనిని బట్టే దానిని ఊహించాలి. బ్యాక్టీరియా సారాన్ని ఇమిపెనెమ్, ఫినాల్ రెడ్ కలిపిన ద్రావణంలో వేసినప్పుడు, మందు విరిగి ఆమ్లత్వం పెరిగితే, ఎర్రని ద్రావణం రెండు గంటలలోపు నారింజకో పసుపుకో తిరుగుతుంది. కార్యం నుంచి కారణానికి వెళ్లే ఇటువంటి అనుమానాన్ని న్యాయదర్శనాన్ని అనుసరించిన నైయాయికులు శేషవత్తు అన్నారు.

అయితే బ్యాక్టీరియా మందుకు లొంగనంత మాత్రాన కార్బపెనెమేజ్ ఉన్నదనలేము. కణపు బయటి పొరలో మందుకు దారినిచ్చే పోరిన్ అనే ప్రొటీన్లు లోపించి, బీటా లాక్టమేజ్ అనే వేరొక రకం ఎంజైమ్ తోడైనా అదే ఫలితం రావచ్చు. నిప్పును చూసి పొగ ఉన్నదనరాదని, పచ్చికట్టె తోడైతేనే పొగ పుడుతుందని అన్నంభట్టు తర్కసంగ్రహంలో చూపిన ఉపాధిదోషం సరిగ్గా ఇటువంటిదే.

జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష ఇంకా ఖచ్చితమైనదిగా కనిపిస్తుంది కాని, అది తనకిచ్చిన ప్రైమర్లకు, అంటే ముందే తెలిసిన జన్యుక్రమానికి అతికే చిన్న డీఎన్ఏ ముక్కలకు, సరిపోయిన జన్యువులనే చూడగలదు. యోగ్యతను, అంటే ఉంటే తప్పక కనిపించగలగడాన్ని, ప్రమాణశాస్త్రకారులు ఇంద్రియగ్రాహ్యమైన వస్తువుల విషయంలో చెప్పారు. ఇక్కడ దానిని ప్రైమర్‌కు అన్వయించడం కొంత సాగదీతే అయినా, అక్రమం కాదు. న్యూఢిల్లీలో సోకిన ఇన్ఫెక్షన్‌తో స్వీడన్ చేరిన ఒక రోగిలోని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా, లోహాయనుల తోడుతో మందును విరిచే మెటాలో రకం ఎంజైమ్‌ను కలిగి ఉన్నదని తేలింది. అప్పటికి తెలిసిన ఆ రకం జన్యువుల కోసం చేసిన పరీక్షలన్నీ మాత్రం లేదనే చెప్పాయి. పరిశోధకులు ఆ ‘లేదు’ను తీర్పుగా తీసుకోక, కనిపించిన కార్యానికి కారణాన్ని వెతికినందువల్లనే ఎన్‌డీఎమ్-1 అనే కొత్త ఎంజైమ్ 2009లో వెలుగులోకి వచ్చింది.