పన్నులో ఆరో పాలు, పాపంలో ఆరో పాలు

శాసనసభకు పోటీ చేసే అభ్యర్థి పన్నుల గురించి మాట్లాడినప్పుడు ఎంత వసూలు చేయాలి, ఎవరి నుంచి వసూలు చేయాలి అనే రెండు ప్రశ్నలు చర్చకు వస్తాయి గాని, ఏ వ్యాపారం నుంచి వసూలు చేయడం ధర్మం అనే మూడో ప్రశ్న సాధారణంగా మరుగున పడుతుంది. మద్యం విషయంలో మాత్రం దాన్ని తప్పించుకోవడానికి వీలుండదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు మద్యం తయారీ, అమ్మకాలపై అధికారాన్నీ, దానిపై ఎక్సైజ్ సుంకం విధించే హక్కునూ రాష్ట్రాలకే ఇచ్చింది. 2017లో జీఎస్టీ, అంటే వస్తుసేవల పన్ను, అమల్లోకి వచ్చాక కూడా మద్యం దాని పరిధికి బయటే ఉండిపోవడంతో, రాష్ట్రం తనంత తాను రేటు నిర్ణయించుకోగల కొద్దిపాటి పన్నుల్లో అది ముఖ్యమైనదైంది. అదే రాజ్యాంగం 47వ అధికరణంలో, అంటే న్యాయస్థానాల ద్వారా అమలు చేయించుకునే వీలు లేకపోయినా పాలనకు దారి చూపవలసిన ఆదేశిక సూత్రాల్లో, ఆరోగ్యానికి హాని చేసే మత్తుపానీయాల వాడకాన్ని మాన్పించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని చెప్పింది. ఏ ఆదాయాన్ని చేతికిచ్చిందో దాన్నే వదులుకోమన్న ఈ ఏర్పాటు పాలకుడి ముందు ఒక నైతిక సమస్యను ఉంచుతోంది.

ఈ సమస్య ప్రాచీన ధర్మశాస్త్రాలకు వేరే రూపంలో తెలుసు. పంటలో రాజుకు చెందే భాగాన్ని షడ్భాగం, అంటే ఆరో వంతు, అని వ్యవహరించడం అక్కడ పరిపాటి. అయితే ప్రజలను రక్షించే రాజుకు వారి పుణ్యంలో ఆరో పాలు దక్కుతుందనీ, రక్షించని రాజుకు వారి అధర్మంలో ఆరో పాలు అంటుకుంటుందనీ మనుస్మృతి చెప్పడం పన్నును వట్టి ధనసేకరణగా కాక కర్మలో భాగస్వామ్యంగా చూసిన దృష్టికి నిదర్శనం. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు అనే నలుగురూ కర్మఫలాన్ని సమానంగా పంచుకుంటారన్న సంప్రదాయ సూత్రాన్ని దీనికి జోడిస్తే, లైసెన్సు ఇచ్చి సుంకం తీసుకునే ప్రభుత్వం ఆ వ్యాపారానికి కేవలం ప్రేక్షకురాలు కాజాలదు. బౌద్ధం సమ్యగాజీవానికి, అంటే సరైన జీవనోపాధికి, విరుద్ధమని చెప్పిన అయిదు వ్యాపారాల్లో మత్తుపదార్థాల వ్యాపారం ఒకటి. కౌటిల్యుడు ఇంత దూరం పోలేదు. అర్థశాస్త్రంలో ఆయన సురాధ్యక్షుడనే అధికారిని నియమించి, మద్యాన్ని పాపపుణ్యాల కన్నా పర్యవేక్షణకు సంబంధించిన విషయంగా పరిగణించాడు. నేటి ఎక్సైజ్ శాఖ కౌటిల్యుడి బాటలో నడుస్తూ ఉండగా ఎన్నికల వేదిక మాత్రం తరచూ మనువు, బుద్ధుడు చూపిన వైపు చూస్తుంది.

ఆంధ్రప్రదేశ్ చరిత్రలో ఈ రెండు వైఖరులూ ఒకే నాయకుడి పాలనలో కనిపించాయి. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను పాకెట్లలో సరఫరా చేయించగా, అది మారుమూల పల్లెలకు కూడా తేలికగా చేరి ఎక్సైజ్ రాబడి పెరగడానికి తోడ్పడింది. కూలి డబ్బు ఇంటికి చేరక ముందే సారా దుకాణంలో ఖర్చయిపోవడాన్ని సహించలేక 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన ప్రతిఘటన, అక్షరాస్యత తరగతుల్లో జరిగిన చర్చల నుంచి బలం పుంజుకుని రాష్ట్రమంతటా పాకింది. 1993లో కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 శాసనసభ ఎన్నికల్లో రామారావు సంపూర్ణ మద్యనిషేధాన్నీ, కిలో రెండు రూపాయల బియ్యాన్నీ కలిపి వాగ్దానం చేసి, 294 స్థానాల సభలో కాంగ్రెస్‌ను 26 స్థానాలకు పరిమితం చేసి, 1995 జనవరిలో నిషేధాన్ని అమల్లోకి తెచ్చారు.

ఆ రెండు వాగ్దానాల్లో ఒకటి ఖజానాకు రాబడిని తగ్గించేది, రెండోది ఖర్చును పెంచేది. మధ్యలో ఏర్పడే లోటును ఎవరు మోయాలో చెప్పే మూడో వాగ్దానం మాత్రం బలంగా వినిపించలేదు. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 1996లో బియ్యం ధర పెంచి, 1997లో నిషేధాన్ని సడలించినప్పుడు, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగరవాణాతో, నాటుసారాతో పాటు రాబడి నష్టాన్ని కూడా కారణంగా చూపడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ అంతకు అరవై ఏళ్ల ముందే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1937లో ఆ ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి (ప్రీమియర్) పదవి చేపట్టిన రాజగోపాలాచారి సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని ప్రారంభించి, మరుసటి సంవత్సరం తెలుగు జిల్లాలైన చిత్తూరు, కడపలకు విస్తరించి, కోల్పోయిన అబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి 1939లో సాధారణ అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. వ్యాపారులు తీవ్రంగా వ్యతిరేకించినా, తాగేవాడి జేబు నుంచి వచ్చే సొమ్మును మానుకోవాలంటే ఆ భారాన్ని సమాజమంతా పంచుకోవాలన్న నిజాన్ని ఆ చట్టం దాచలేదు. గాంధీ కూడా ఆ కాలంలోనే, పిల్లల చదువుకు అబ్కారీ సొమ్ము ఆధారం కావడాన్ని గర్హిస్తూ, విద్య తన ఖర్చును తానే సంపాదించుకునే పద్ధతిని 1937లో వార్ధాలో చర్చకు పెట్టారు. ఇద్దరి పరిష్కారాల్లోనూ లోపాలు ఎంచవచ్చు. 1971లో తమిళనాడు నిషేధాన్ని సడలించినప్పుడు మద్యం తిరిగి వచ్చింది గాని అమ్మకం పన్ను వెళ్లిపోలేదు. అయినా త్యాగం ఎవరిదో చెప్పకుండా నీతి మాట్లాడరాదన్న నియమాన్ని వారిద్దరూ పాటించారు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. మనిషి ఎలాగూ తాగుతాడు కనుక ఆ సొమ్ము కల్తీసారా వ్యాపారికి పోవడం కన్నా ఖజానాకు చేరి ఆసుపత్రికో బడికో ఉపయోగపడటం మేలు కదా అన్నది దాని సారాంశం. జాన్ స్టూవర్ట్ మిల్ 1859 నాటి స్వేచ్ఛా సిద్ధాంత గ్రంథంలో, తాగుడును కష్టతరం చేయడానికే వేసే పన్ను పేదవాడికి మాత్రమే తగిలే నిషేధంతో సమానమని తప్పుపట్టి, ప్రభుత్వానికి ఎలాగూ రాబడి కావాలి కనుక మానుకున్నా నష్టం లేని వస్తువును పన్నుకు ఎంచుకోవడం సమంజసమేనని అంగీకరించాడు. ఈ వాదం పన్ను విధించే క్షణాన్ని సమర్థించగలదు గాని, ఆ పన్ను అలవాటుగా మారాక జరిగే మార్పును లెక్కలోకి తీసుకోదు. రాబడి మీద శాశ్వత పథకాలు నిలబడిన తరువాత వాడకం తగ్గడం సర్కారుకు శుభవార్త కాకుండా పోతుంది. అప్పుడు ప్రభుత్వం కర్మను సహించే స్థితి నుంచి ప్రేరేపించే స్థితికి జారుతుంది. తన ఆధారం క్షీణించాలని కోరుకోగల పన్నుకూ, అది పెరగాలని ఎదురుచూసే పన్నుకూ మధ్య ఉన్న ఈ తేడాయే మద్యం రాబడి ధర్మాధర్మాలను నిర్ణయిస్తుంది.

మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కు వస్తే, 2019 ఎన్నికల్లో దశలవారీ నిషేధం వాగ్దానమైంది. ఆ తరువాత దుకాణాలు ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చి ధరలు పెరిగాయి గాని నిషేధం పూర్తి కాలేదు. 2024 ఎన్నికల్లో తక్కువ ధరకు నాణ్యమైన మద్యం వాగ్దానమై, ఆ ఏడాదే ప్రైవేటు దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి. ఈ మార్పులకు నాయకులను మాత్రమే నిందించడం తేలిక. పథకం కావాలి, పన్ను వద్దు, దుకాణం ఊళ్లో ఉండకూడదు అని మూడింటినీ ఒకేసారి కోరే ఓటరు కూడా ఆమోదించినవాడి స్థానంలోనే ఉన్నాడు. కనుక అభ్యర్థి మద్యం గురించి ఏం చెప్పినా, ఆ రాబడి ఏ ఖర్చుకు పోతోందో, అది తగ్గితే ఏ పన్ను పెరుగుతుందో, ఏ పథకం కుదించుకుపోతుందో కూడా చెప్పి ఓటు అడగడం ధర్మం. ఆ లెక్క విన్న తరువాత వేసిన ఓటుతోనే పాలకుడితో పాటు ప్రజలు తమ వంతు బాధ్యతను తెలిసి స్వీకరించినట్లవుతుంది.