షాన్, యోహాను – ఒకే పేరు
(లూకా 1:57–66 చదువుకొనుడి)



ఈ మధ్య కార్వేటినగరము చుట్టుపట్ల పల్లెలలో బిడ్డకు పేరు పెట్టు దినమున యౌవన తల్లిదండ్రుల నోట 'షాన్' అను పేరు వినబడుచున్నది. పెద్దలు అది తెల్లవారి పేరని గొణుగుదురు. పిన్నలు క్రొత్త పేరని మురియుదురు. అది క్రొత్తదియు కాదు, తెల్లవారి సొత్తును కాదు.

షాన్ ఐర్లాండు దేశములో మగబిడ్డల పేరు. దాని వేరు మాత్రము హెబ్రీ భాషలో నున్నది. యోహానాను అనగా యెహోవా కృప చూపెనని అర్థము. యిర్మీయా గ్రంథములో కారేహ కుమారుని పేరిదే. హన్నా, అన్న అను పేర్లును ఆ కృప అను మాటనుండి చిగిర్చినవే గనుక మన అన్నమ్మలందరును ఈ పేరునకు బంధువులు! గ్రీకువారి నోట మారిన రూపమునుండి మన తెలుగు బైబిలులోని యోహాను వచ్చెను. 1169లో ఐర్లాండులో దిగిన నార్మనులు తమ ఫ్రెంచి పలుకుబడిలో జెహాన్ అను రూపమును తెచ్చిరి. ఐరిష్ భాషలో 'జ' ధ్వని లేనందున అది షాన్ ఆయెను.

ఆంగ్లేయుల యేలుబడిలో అనేకమంది షాన్‌లు జాన్ అని వ్రాయబడిరి. 1880లో డబ్లిన్ నగరమున ప్రొటెస్టంటు కుటుంబములో పుట్టిన జాన్ కేసీ తన దేశభాష నేర్చుకొని, షాన్ ఓకేసీ అను పేరున గొప్ప నాటకకర్త ఆయెను. 1945 నుండి 1959 వరకు ఆ దేశాధ్యక్షుడు షాన్ ఓకెల్లీ. ఆ శతాబ్దమున అక్కడ మిక్కిలి వాడుకయైన పేర్లలో ఇది యొకటి.

పేరునకు మర్యాద దొరకుట యేమో మన పెద్దలకును తెలియును. బిడ్డలు వరుసగా చనిపోయిన యింట, తరువాత పుట్టిన బిడ్డను చెత్తకుప్పమీద పెట్టి తీసికొని, కుప్పయ్య అనియు పెంటయ్య అనియు పిలిచిరి. పనికిరానిదని మృత్యువు విడిచిపోవునని వారి తలంపు. ఆ తల్లి కన్నీటిని ఎగతాళి చేయు నోరు మాకు లేదు.

జెకర్యా యిల్లును దుఃఖమెరిగిన యిల్లే. ఎలీసబెతు గొడ్రాలనిపించుకొని ముసలిదాయెను. ఎనిమిదవ దినమున బంధువులు తండ్రి పేరే పెట్టబోగా తల్లి ఒప్పుకొనలేదు. మీ వారిలో ఈ పేరుగలవాడెవడని వాదించిరి. మూగయైన తండ్రి పలక తెప్పించి వ్రాసెను. అప్పుడే ఆయన నాలుక సడలెను. మృత్యువునకు కనబడకుండ దాగుకొను పేరు కాదది. దేవుడు కృప చూపెనని ఇరుగుపొరుగు వినునట్లు చెప్పు పేరు. ఆ బిడ్డ హేరోదు చెరసాలలో తల పోగొట్టుకొనలేదా యని ఎవరైన అడుగుదురు. నిజమే. పేరు తాయెత్తు కాదు. చెరసాలలోనున్నప్పుడును అతడు యోహానే.

మాకు యోహాను అనుటే ఇష్టము. అవ్వల నోటికి సులువు. షాన్ అని పిలిచినను మేము మందలింపము. సినిమాలో వింటిమని మాత్రము చెప్పక, అర్థము బిడ్డకు నేర్పుడి. ఆ యింట కుప్పయ్య అను తాత యున్నయెడల, పేరు పలుకు సమయమున బిడ్డను ఆయన ఒడిలోనే పెట్టుడి.