నేపుల్స్ వెళ్తున్న మేనకోడలికి



మ్యూనిక్‌లో నీ పరీక్షలు అయిపోయాయనీ, మార్చిలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి మూడు రోజులు నేపుల్స్ వెళ్దామనుకుంటున్నావనీ తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన కార్యక్రమం చదివాను. మొదటి రోజు పాంపేయి, వెసూవియస్. రెండో రోజు కాప్రి దీవి, సోరెంటో. మూడో రోజు అమాల్ఫి తీరం, సాయంత్రం మ్యూజియం, రాత్రి విమానం. అందులో అన్నం తినే వేళ ఎంత వెతికినా దొరకలేదు. నేపుల్స్ ఊరు కూడా దొరకలేదు.

సలహా అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఆ ఊరు నేను చూడలేదు. చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి, ఆ సముద్రతీరం గురించి చదువుతూనే ఉన్నాను. చూడని ఊరి మీద సలహాలేమిటి మామా అంటావేమో. దానికి ఒక పెద్దమనిషి పూచీ ఉంది. ఆయన సంగతితోనే మొదలుపెడతాను.

నేపుల్స్ అఖాతం పడమటి కొసన మిసేనం అనే చోట రోమన్ల నౌకాదళం ఉండేది. క్రీ.శ. 79లో దానికి అధిపతి పెద్ద ప్లినీ. 37 సంపుటాల ప్రకృతి చరిత్ర రాసిన పండితుడు. ఆయన సోదరి, ఆమె కొడుకు ఆ ఇంట్లోనే ఉండేవారు. ఆ పిల్లవాడికి 17 ఏళ్ళు. అతణ్ణి మనం చిన్న ప్లినీ అంటాం. అంటే వాళ్ళది మేనమామ, మేనల్లుళ్ళ చుట్టరికం. ఒక మధ్యాహ్నం వెసూవియస్ కొండ పేలి, ఆకాశంలో గొడుగులా విచ్చుకున్న పైన్ చెట్టు ఆకారంలో మబ్బు లేచింది. దాన్ని ముందు చూసి ఆయనకు చూపించింది ఆ సోదరే. పండితుడు కదా, దగ్గరికి వెళ్ళి చూడాలనిపించింది. తేలికపాటి పడవ సిద్ధం చేయమన్నాడు, నువ్వూ వస్తావా అని మేనల్లుణ్ణి అడిగాడు. రాసుకునే పని ఉందని అతను ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ రాత పని అప్పజెప్పిందీ మామే. గడప దాటుతుండగా కొండ కింద ఉన్న ఒకావిడ దగ్గర్నుంచి కబురొచ్చింది, తప్పించుకునే దారి లేదు, కాపాడమని. దాంతో ఆయన మనసు మారింది. చూడ్డానికి తెప్పించిన చిన్న పడవ పక్కకు పోయింది, జనాన్ని ఎక్కించుకోగల పెద్ద ఓడలు కదిలాయి. మర్నాటికి ఆయన స్టాబియే ఒడ్డున శవమయ్యాడు. ఈ కథంతా మేనల్లుడు తర్వాత చరిత్రకారుడు టాసిటస్‌కు రాసిన లేఖల్లో ఉంది.

యాత్ర గురించి నాకు తెలిసిన ధర్మం ఆ గడప దగ్గరే ఉంది. వింత చూడ్డానికి బయలుదేరడం తప్పుకాదు. ఎదురుగా మనుషులు కనబడ్డాక కూడా వింతే చూస్తూ నిలబడడం తప్పు. కింద రాసేదంతా ఆ ఒక్క మాటకు వివరణే అనుకో.

ముందు నీ పట్టిక సంగతి. మూడు రోజుల్లో మూడు పనులు పెట్టుకో: ఒక రోజు ఊరు, ఒక రోజు పాంపేయి, మిగిలిన రోజు పొజ్జువోలి రేవు, అదెందుకో కింద చెప్తాను. కాప్రి, అమాల్ఫి కొట్టేయి. గాలి లేస్తే దీవికి వెళ్ళే పడవలు ఆగిపోతాయి. ఆ ఒక్కటీ ఆగితే నీ పట్టిక మొత్తం కూలుతుంది. వదిలేసినవాటి గురించి బెంగ పడకు. ఇంట్లో కూర్చుని రాసుకున్న ఆ మేనల్లుడే లేకపోతే ఆ రోజు ఏం జరిగిందో మనకింత తెలిసేది కాదు. పురావస్తు మ్యూజియానికీ, సాన్‌సెవెరో చాపెల్‌కూ మంగళవారం సెలవు. కాబట్టి ఊరు చూసే రోజు మంగళవారం కాకుండా చూసుకో. ఆ చాపెల్‌లో 1753లో సన్మార్తీనో చెక్కిన క్రీస్తు విగ్రహం ఉంది. ఒంటి మీద కప్పిన పల్చటి బట్ట, దాని కిందినుంచి కనిపించే నుదుటి నరం, అన్నీ ఒకే పాలరాయిలో తీసినవే. లోపల ఫొటోలు తీయనివ్వరు. చేతిలో ఫోను లేకుండా ఒక వస్తువు ముందు ఎంతసేపు నిలబడగలవో అక్కడ తెలుస్తుంది.

పాంపేయికి గరిబాల్ది స్టేషన్ నుంచి చిర్కుమ్‌వెసువియానా రైలు. సుమారు 40 నిమిషాలు, 'పాంపేయి స్కావి' దగ్గర దిగాలి. 2024 నవంబరు నుంచి రోజుకు 20 వేల మందినే లోపలికి పంపుతున్నారు, టికెట్టు మీద పేరుంటుంది. కాబట్టి ముందే కొనుక్కో, పాస్‌పోర్టు దగ్గరుంచుకో. పెద్ద సంచులు వద్దు. నీళ్ళ సీసా చాలు, లోపల కుళాయిలున్నాయి. వీధి మలుపుల్లో రాతి తొట్ల పక్కన ఆగి వాటి అంచులు చూడు. నీళ్ళు పట్టుకోవడానికీ తాగడానికీ వంగినవాళ్ళు చెయ్యి ఆనించిన చోట రాయి అరిగిపోయి గుంట పడి ఉంటుంది. నువ్వూ అక్కడే చెయ్యి ఆనించాలనుకుంటావు, వద్దు. రెండు వేల ఏళ్ళ కింద దాహంతో వచ్చినవాళ్ళు చేసిన గుర్తు అది. రోజుకు 20 వేల మందీ తలా ఒక చెయ్యి వేస్తే ఏం మిగులుతుంది?

ఇక అచ్చుబొమ్మల సంగతి. ఆ పేలుడులో పాంపేయిని కప్పేసిన బూడిద గట్టిపడ్డాక లోపలి శరీరాలు శిథిలమై ఖాళీలు మిగిలాయి. 1863లో జుసెప్పె ఫియొరెల్లి ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి, చివరి క్షణంలో మనుషులు ఎలా ఉన్నారో ఆ రూపాలను బయటికి తీశాడు. చాలావాటి లోపల ఇప్పటికీ ఎముకలున్నాయి. అవి శిల్పాలు కావు తల్లీ. వాటి పక్కన నవ్వుతూ ఫొటో దిగడం చావింట్లో ఫొటో దిగడమే. ఇంకో మాట. చేతికి బంగారు కడియంతో, ఒళ్ళో పసిబిడ్డతో ఉన్న ఒక రూపాన్ని చాలాకాలం తల్లీబిడ్డలని చెప్పుకున్నారు. 2024లో డీఎన్ఏ పరిశీలిస్తే ఆ పెద్దవ్యక్తి మగవాడని, ఆ బిడ్డతో రక్తసంబంధం లేనివాడని తేలింది. కడియం చూసి ఆడమనిషి అనుకున్నాం, ఒడి చూసి తల్లి అనుకున్నాం. చచ్చిపోయినవాళ్ళ విషయంలోనే ఇంత పొరబడితే, వీధిలో రెండు నిమిషాలు చూసిన బతికున్న మనిషి గురించి ఎంత పొరబడతామో ఆలోచించు. ఆ ఊళ్ళోవాళ్ళు దొంగలనీ, సోమరులనీ, గట్టిగా అరుస్తారనీ నీకు ముందే చెప్పేవాళ్ళుంటారు. వినకు. సంచి ముందుకు తగిలించుకో, ఫోను జేబులో పెట్టుకో, అంతే. కిక్కిరిసిన రైల్లో ఎక్కడైనా తీసుకునే జాగ్రత్తే అది. ఆ జాగ్రత్త నీ సంచికి చాలు, ఊరి మీద తీర్పుగా మార్చకు.

పాంపేయి నుంచి రాయి ముక్క ఒక్కటి కూడా తేకు. దొంగతనంగా తీసుకెళ్ళిన పెంకులూ మొజాయిక్ ముక్కలూ ఏళ్ళ తర్వాత క్షమాపణ ఉత్తరాలతో పార్సిళ్ళలో పాంపేయికి తిరిగి వస్తుంటాయి. వాటివల్ల శాపం తగిలిందని కొందరి నమ్మకం. శాపం ఉన్నా లేకపోయినా, మనది కానిది మన సంచిలో ఉండకూడదన్న సంగతి తెలియడానికి శాపం దాకా పోనక్కర్లేదు.

మ్యూజియంలో నువ్వు వెతికి చూడాల్సిన వస్తువు ఒకటుంది. పాంపేయిలోని ఒక ఇంట్లో 1938లో దొరికిన దంతపు బొమ్మ. పాతిక సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఎత్తు. కాళ్ళకు బరువైన కడియాలు, ముంజేతుల నిండా గాజులు, అటొకరూ ఇటొకరూ చెలికత్తెలు. మన దేశపు పనితనం. మొదట లక్ష్మీదేవి అన్నారు, యక్షిణి అని ఇప్పుడు చాలామంది పండితుల అభిప్రాయం. అలాంటి బొమ్మే మహారాష్ట్రలోని భోకర్దన్‌లో దొరికింది. పాంపేయి బొమ్మను మ్యూజియంలో 'రహస్య గది' అనే విభాగంలో ఉంచారు. ఆ గది నిండా శృంగార బొమ్మలే. సిగ్గుపడి బయటికి రానక్కర్లేదు, కిసుక్కున నవ్వనూ అక్కర్లేదు. గది తెరిచి ఉందో లేదో లోపలికి వెళ్ళగానే కనుక్కో.

పూచీ సంగతి ఇప్పుడు చెప్తాను. ఆ పెద్ద ప్లినీ తన పుస్తకంలో 'అందరే' అనే జనం గురించి రాశాడు. వాళ్ళకు ప్రాకారాలున్న పట్టణాలు 30, కాల్బలం లక్ష, గుర్రాలు 2 వేలు, ఏనుగులు వెయ్యి అన్నాడు. వాళ్ళు ఆంధ్రులే. ఆయన ఎన్నడూ ఇటువైపు రాలేదు. గ్రీకు రాయబారి మెగస్తనీసు రాతల నుంచి తీసుకున్నాడని చరిత్రకారులు అంటారు. మన ముఖం చూడకుండా ఆయన మన సంగతి రాయగా లేనిది, ఆయన అఖాతం చూడకుండా నేను నీకు నాలుగు ముక్కలు రాస్తే తప్పేముంది? ఆయనే ఇంకోచోట, భారతదేశపు సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సులు పోతున్నాయని విసుక్కున్నాడు. ఆ డబ్బులో కొంత మన దాకా వచ్చింది. మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు కుప్పగా దొరికాయి.

పొజ్జువోలి చేర్చమన్నది అందుకే. తూర్పు దేశాల సరుకు అలెగ్జాండ్రియా మీదుగా వచ్చి దిగిన రేవు అది. మెట్రో రెండో లైన్‌లో వెళ్ళవచ్చు. ఊరి మధ్యలో పాత రోమన్ అంగడి శిథిలం ఉంది. పైన రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి మధ్యభాగాన సముద్రపు ఆల్చిప్ప జాతి జీవులు తొలిచిన బెజ్జాలు పట్టీలాగా కనబడతాయి. ఆ నేల సముద్రంలోకి కుంగి మళ్ళీ పైకి లేచిందనడానికి అవే సాక్ష్యం. కింద అగ్నిపర్వత ప్రాంతం, నేల ఇప్పటికీ లేస్తోంది, చిన్న చిన్న భూకంపాలు వస్తూనే ఉన్నాయి. మనకది వింత. అక్కడివాళ్ళకు అది రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని భయం. 'అయ్యో, ఒక్కసారి కదిలితే బాగుండు' అని సరదాకైనా వాళ్ళ ముందు అనకండి.

ఊళ్ళో నడిచేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకో. పాత నేపుల్స్ వీధులు గ్రీకుల కాలంలో గీసిన గీతల మీదే ఉన్నాయి. 1995 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. అయినా అందులో జనం కాపురాలు చేస్తున్నారు. వీధికి ఆనుకుని ఒంటిగది ఇళ్ళుంటాయి, వాటిని 'బాస్సి' అంటారు. గాలీ వెలుతురూ రావాలంటే తలుపు తెరిచి ఉంచుకోవాల్సిందే. లోపల మంచం, పొయ్యి, కూర తరుగుతున్న ముసలమ్మ, అన్నీ రోడ్డుకే కనిపిస్తాయి. తలుపు తెరిచి ఉంటే ఫొటోకు ఒప్పుకున్నట్టు కాదు. కళ్ళు కలిస్తే 'బొన్‌జోర్నో' అని పలకరించు, సాగిపో. మారడోనా చిత్రం ఉన్న స్పానిష్ క్వార్టర్స్‌లో జనం ఎగబడి ఫొటోలు దిగుతుంటారు. 1987లో, 1990లో ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టును ఇటలీ లీగ్‌లో గెలిపించినవాడి మీద వాళ్ళకున్నది భక్తి. దణ్ణం పెట్టకపోయినా వేళాకోళం చేయకు.

బస విషయం కూడా ఇందులో భాగమే. ఇలాంటి ఇళ్ళు యాత్రికుల అద్దె గదులైపోతుంటే ఆ వీధిలో పుట్టినవాళ్ళకు అద్దెలు అందకుండా పోతున్నాయి. వీలైతే హోటల్లోనో హాస్టల్లోనో దిగండి. అద్దె ఫ్లాటే తీసుకుంటే దాని ప్రకటనలో సీఐఎన్ అనే ప్రభుత్వ నమోదు సంఖ్య ఉందో లేదో చూడు, లేకపోతే వద్దు. మనిషికి రాత్రికి ఇంతని ఊరి పన్ను వేరే కట్టాలి, దానికి గొణగకు. పాస్‌పోర్టూ, జర్మనీ రెసిడెన్స్ పర్మిటూ రెండూ వెంట ఉండాలి. కాగితం టికెట్టు కొంటే ఎక్కేముందు యంత్రంలో ముద్ర వేయించు. ముద్ర లేని టికెట్టుతో ప్రయాణం చేసి, కొత్తదాన్ని, తెలియదు అని తప్పించుకోవడం చదువుకున్నవాళ్ళు చేసే పని కాదు.

తిండి దగ్గర ఇబ్బంది పడకు. పిజ్జా చేసే విద్యకే 2017లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఊరది. మరినారా అడిగితే టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనెతో చేస్తారు, చీజ్ ఉండదు. పొరలు పొరలుగా ఉండే స్ఫొల్యతెల్లా మిఠాయిలో పందికొవ్వు వాడే ఆచారం ఉంది. నీకు పట్టింపు ఉంది కాబట్టి అడిగి తిను. బిల్లులో 'కొపెర్తో' అని ఉంటే అది మోసం కాదు, కూర్చున్నందుకు వేసే రుసుము. కాఫీ నిలబడి తాగితే తక్కువ, కూర్చుంటే ఎక్కువ.

కాఫీ అంటే గుర్తొచ్చింది. ఒక కప్పు తాగి రెండింటికి డబ్బు కట్టే ఆచారం ఆ ఊళ్ళో ఉంది, 'కఫ్ఫె సొస్పెజో' అంటారు. తర్వాత వచ్చిన లేనివాడు అడిగితే ఆ రెండోది ఇస్తారు. మన ఎండాకాలపు చలివేంద్రం లాంటిదే. కట్టినవాడు తాగేవాణ్ణి చూడడు, తాగినవాడు ఎవరికీ రుణపడడు. అన్ని కొట్లలోనూ ఉండకపోవచ్చు, అడుగు. ఉంటే ఒకటి నా పేరున కట్టు, డబ్బు పంపిస్తాను. కట్టేటప్పుడు వీడియో మాత్రం తీయకు.

చివరగా ఒక పని అప్పజెప్తున్నాను. కొండ పేలిన మర్నాడు మిసేనంలో కూడా చీకట్లు కమ్మితే, వయసు మీద పడ్డ తల్లి, నన్ను వదిలేసి నువ్వు పరుగెత్తిపో అంది. చిన్న ప్లినీ వినలేదు, ఆమె చెయ్యి పట్టుకునే నడిచాడు. మీ అమ్మ నీకు ఆ మాట కూడా అనదు, తన భయం ఎప్పుడూ పైకి చెప్పదు. అగ్నిపర్వతం పక్కనున్న ఊరని విన్నప్పటి నుంచీ నాకే రోజూ ఫోన్లు చేస్తోంది. కాబట్టి ఏ రోజు ఎక్కడుంటారో, దిగే చోటు చిరునామా ఏమిటో, తోడు వచ్చే పిల్లల ఫోన్ నంబర్లేమిటో, ఇవన్నీ టికెట్లు కొన్న రోజే ఆమెకు పంపు. నాకు తర్వాత రాద్దువు గానీ.

ఇట్లు,
మీ మామ